చుట్టంగా పద్నాలుగేళ్లు

(మచిలీపట్నంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఇందాక గుమ్మం దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, "అమ్మా, థాయ్‌లాండ్ గురించి ఒక ఆడమనిషి మాట్లాడగా వినడం నాకు ఇదే మొదలు" అన్నారు. అలా ఎందుకన్నారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు నవ్వుతున్న మీకూ తెలుసు. మన వైపు నుంచి నలుగురు మగవాళ్లు కలిసి బ్యాంకాక్ వెళ్లొస్తే ఇంట్లోవాళ్లకు గుడుల ఫోటోలు మాత్రమే చూపిస్తారు. ఆ గుడులన్నీ నేనూ చూశాను. ఈ సాయంత్రం వాటి జోలికి పోను. అక్కడ గ్యాస్ బండ ఎలా తెప్పించుకుంటారు, అద్దె ఇల్లు ఎవరిస్తారు, పోలీసు ఆపితే ఏం చేయాలి, నవ్వుతున్న మనిషి నిజంగా నవ్వుతున్నాడో లేదో ఎలా తెలుసుకోవాలి, ఇలాంటివే నాకు తెలుసు. 2009 నుంచి 2023 దాకా పద్నాలుగేళ్లు అక్కడున్నాను. మావారిది బట్టలకు రంగులద్దే పరిశ్రమలో ఉద్యోగం. నేను లెక్కల టీచర్ని.

పరాయి దేశం గురించి బందరులో చెప్పడం ఒక రకంగా తేలిక. మన ఊళ్లో పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వాళ్లూ ఒకప్పుడు ఇక్కడ ప్రవాసులేగా? వాళ్లూ ఈ ఎండను తిట్టుకుంటూ, మన కచేరీల చుట్టూ తిరుగుతూ, మనవాళ్లు మాట మీద నిలబడరని ఇళ్లకు ఉత్తరాలు రాసే ఉంటారు. పరంగి అంటాం చూడండి, ఆ మాట థాయ్ భాషలోనూ ఉంది. తెల్లవాణ్ణి ఫరంగ్ అంటారు. జామకాయనూ ఫరంగే అంటారు. తెల్లవాడు జామకాయ తింటుంటే అక్కడి పిల్లలకు నవ్వాగదు.

మరి మనల్ని ఏమంటారు? ఖేక్ అంటారు. బ్యాంకాక్‌లో సీలోం అనే పెద్ద రోడ్డు పక్కన మారియమ్మన్ గుడి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వెళ్లిన తమిళులు కట్టించారు. రికార్డుల్లో పేరు ఏదైనా, టాక్సీవాడికి మాత్రం అది వాట్ ఖేక్, అంటే ఖేక్‌ల గుడి. ఖేక్ అంటే ఏమిటి? చుట్టం. అతిథి. ఇంటికొచ్చిన చుట్టాన్నీ ఆ మాటతోనే పిలుస్తారు, భారతీయుణ్ణీ ఆ మాటతోనే పిలుస్తారు. మొదట్లో నాకు భలే ముచ్చటేసింది. ఎంత మర్యాదగల జనం, మనల్ని చుట్టాలంటున్నారు అని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ ఏమందో తెలుసా? "చుట్టమంటే ఎప్పుడు వెళ్తావని అడిగేవాళ్లేగానే" అంది.

మా అమ్మ థాయ్‌లాండ్ ఇమిగ్రేషన్ చట్టం చదవలేదు. కానీ ఆ చట్టం సారం ఆ ఒక్క మాటలో చెప్పేసింది. అది 1979 నాటి చట్టం. దాని ప్రకారం ఇంట్లో విదేశీయుడు దిగిన 24 గంటల్లోపల ఇంటి యజమాని ఆ సంగతి అధికారులకు తెలపాలి. హోటల్ అయినా అంతే, అద్దె ఇల్లయినా అంతే. ఇక దేశంలో ఏకబిగిన 90 రోజులు దాటి ఉన్న విదేశీయుడు తొంభై రోజులకోసారి "నేను ఫలానా చోటే ఉన్నాను" అని చెప్పుకోవాలి. ఇల్లు మారకపోయినా చెప్పాలి. పదేళ్లుగా అదే ఇంట్లో ఉన్నా చెప్పాలి.

నాకు నాలుగో ఏడో ఐదో ఏడో జరిగింది చెప్తాను. తొంభై రోజుల గడువుకు ముందు పదిహేను రోజులు, తర్వాత ఏడు రోజులు వెసులుబాటు ఉంటుంది. నేను తొమ్మిదో రోజున వెళ్లాను. లెక్కల టీచరు తొంభై లెక్కపెట్టలేకపోయింది. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, మా పాత విద్యార్థుల వయసు. పాస్‌పోర్టు తిరగేసింది, క్యాలెండర్ చూసింది, నవ్వింది. "రెండు వేల బాత్" అంది, అంటే అక్కడి డబ్బులో జరిమానా. నేను కారణాలు మొదలుపెట్టాను. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దానన్నాను, జ్వరమన్నాను. ఆ అమ్మాయి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూసి, ఓహో కరుగుతోంది, ఇంకాస్త గట్టిగా చెబుదాం అనుకున్నాను. గొంతు పెంచాను. నవ్వు ఇంకా పెద్దదయింది. పక్క కిటికీలోని పెద్దావిడ కూడా నవ్వడం మొదలుపెట్టింది. మావారు బల్ల కింద నా చెయ్యి గిల్లారు. ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. ఆ నవ్వు, మనం "అమ్మా, ఇక చాలు, నలుగురూ చూస్తున్నారు" అంటామే, అదీ. నేను అరుస్తుంటే పరువు పోయింది నాది, సిగ్గుపడింది ఆ అమ్మాయి. రెండు వేలు కట్టి, రసీదు తీసుకుని, చేతులు జోడించి వచ్చాను.

అక్కడుండే విదేశీయులు నలుగురు కలిస్తే సగం మాటలు ఈ కాగితాల గురించే. మా స్టాఫ్ రూములో ఇంగ్లండు వాళ్లు, అమెరికా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, దక్షిణాఫ్రికా వాళ్లు ఉండేవారు. 2019లో ఆ 24 గంటల నిబంధన గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. ఎవరైనా రెండు రోజులు బీచికి వెళ్లొచ్చినా మళ్లీ తెలపాలన్నారు. తెల్లవాళ్లు భగ్గుమన్నారు. సంతకాలు సేకరించారు, పత్రికలకు రాశారు, సభలు పెట్టారు. తర్వాత కొంత సడలించారనుకోండి. మా ఫిలిప్పీన్స్ టీచర్లు, నేను మాత్రం పెద్దగా మాట్లాడలేదు. ఎందుకంటే మాకు వీసా అంటే ముందునుంచీ భయమే. అమెరికా కాన్సులేటు బయట తెల్లవారుజామున నిలబడ్డ మనవాడికి తొంభై రోజులకొక కాగితం ఏపాటి? పుట్టిన దగ్గర్నుంచీ ఏ దేశపు గుమ్మం దగ్గరా ఆగనివాడికే అది అవమానంగా తోస్తుంది. ఒకే చట్టం. పాస్‌పోర్టు రంగును బట్టి బాధ మారుతుంది.

మా పక్క ఫ్లాటులో ఒక ఇంగ్లీషు ముసలాయన ఉండేవారు. యాభై ఏళ్లు దాటినవాళ్లకు అక్కడ విశ్రాంత జీవితానికి వీసా ఇస్తారు. బ్యాంకులో ఎనిమిది లక్షల బాత్ అయినా ఉండాలి, నెలకు 65 వేల ఆదాయమైనా చూపించాలి. ఆయన ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఉడోన్ థానీ వైపు అమ్మాయిని పెళ్లాడి, వాళ్ల ఊళ్లో ఇల్లు కట్టించారు. మరి విదేశీయుడు అక్కడ భూమి కొనగలడా? కొనలేడు. అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కోవచ్చు, అదీ ఆ భవనం మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకూడదు. భూమి మాత్రం కుదరదు. భార్య పేరున కొనవచ్చు. అలా కొనేటప్పుడు ఈయన ఒక సంతకం పెట్టాలి. "ఈ డబ్బు నాది కాదు, పూర్తిగా నా భార్య సొంత డబ్బు" అని రాసివ్వాలి. ఆయన నాతో అన్నారు: "జీవితాంతం సంపాదించింది ఆ కాగితం మీద పెట్టాను. పెడుతూ అది నాది కాదని నేనే సంతకం చేశాను." ఇందులో అన్యాయం ఉందా? ఆయన దృష్టిలో ఉంది. నాకు మాత్రం, ఈ ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టేమో, వ్యాపారానికొచ్చి నేల కొనుక్కున్నవాళ్లు తర్వాత ఏం చేశారో గుర్తొస్తుంది. థాయ్‌లాండ్ ఎప్పుడూ యూరప్ వాళ్ల వలస కాలేదు. ఆ సంగతి వాళ్ల భూచట్టంలో కనిపిస్తుంది. ఆ ముసలాయనతో ఈ మాట అనలేదులెండి. ఆయన బిస్కెట్లు తింటూ అనలేం కదా.

ఇంకో గొడవ టికెట్ల గురించి. జాతీయ పార్కులకు వెళ్తే గేటు దగ్గర బోర్డు ఉంటుంది. విదేశీయుల ధర మామూలు అంకెల్లో రాస్తారు. థాయ్ వాళ్ల ధర థాయ్ అంకెల్లో రాస్తారు, మనకు అర్థం కాకుండా! నేను లెక్కల టీచర్ని కదా, వెళ్లిన వారంలోనే థాయ్ అంకెలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కడుపుమంట. మనకంటే వాళ్లకు ఎన్నో రెట్లు తక్కువ. మా స్టాఫ్ రూములో దీని మీద అరగంట ఉపన్యాసాలు నడిచేవి. చార్మినార్ దగ్గర మనమూ విదేశీయుల దగ్గర వేరే రేటు తీసుకుంటామని నేనెప్పుడూ వాళ్లకు చెప్పలేదు. మనం బోర్డు దాచం, అంతే తేడా.

అంకెలంటే గుర్తొచ్చింది. అక్కడ సంవత్సరాలు బుద్ధుడి నుంచి లెక్క. మన సంవత్సరానికి 543 కలపాలి. ఇది తెలియక ముందు, మొదటి వారంలో పాల ప్యాకెట్ కొన్నాను. గడువు తేదీ దగ్గర "52" అని ఉంది. ఈ పాలు 1952 నాటివా, 2052 దాకా ఉంటాయా? వంటింట్లో ప్యాకెట్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో! 2009 అంటే వాళ్లకు 2552.

ఇప్పుడు మాటల దగ్గరికొద్దాం. ఇది నాకు ఇష్టమైన భాగం. మీకు విసుగొస్తే చెయ్యెత్తండి.

తెల్లవాడికి థాయ్ భాష గోడలా కనిపిస్తుంది. మనకు ఆ గోడలో మన ఇటుకలు కనిపిస్తాయి. ఆహారం ఆహాన్. వేళ వేలా. భార్య ఫన్రయా. గురువు ఖ్రూ. టీచర్లకు లైసెన్సులిచ్చే సంస్థ పేరు ఖురుసఫా, అంటే గురుసభ. టెలిఫోనును థోరసప్ అంటారు. అది దూరశబ్దం. మనం కూడా అంత చక్కని మాట పెట్టుకోలేదు! ఇవన్నీ చూసి నాకు గర్వం తలకెక్కింది. ఇది మన భాషే, మూడు నెలల్లో పట్టేస్తాను అనుకున్నాను.

ఆ గర్వమే కొంప ముంచింది. నేను మాంసం తినను. మాంసవిరతి అని ఒక మాట అక్కడ ఉంది, మంగ్సవిరత్ అంటారు. ఆహా, సంస్కృతమే అని సంతోషపడి, ప్రతి బండి దగ్గరా మంగ్సవిరత్ మంగ్సవిరత్ అని జపం చేసి తిన్నాను. కూరగాయలే వేసేవారు. మూడు నెలల తర్వాత తోటి టీచరు, మంచి మనిషి, నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ కూరగాయల్లో చేపల పులుసు నీళ్లు పడుతున్నాయట. మనం ఉప్పు వేసినట్టు వాళ్లు ఆ చేపల రసం వేస్తారు. వాళ్ల దృష్టిలో అది మాంసమెలా అవుతుంది, ఉప్పు కదా! నేను అడగాల్సిన మాట "చే" అట. పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది, చైనా సంప్రదాయం నుంచి వచ్చింది. అక్కడైతే చేపలూ ఉండవు, వెల్లుల్లి కూడా ఉండదు. అంటే మన సంస్కృతం మాట నాకు చేపలు పెట్టింది, చైనా మాట కాపాడింది. అప్పటి నుంచి తెలిసిన మాట వినపడితే భయపడటం మొదలుపెట్టాను.

స్వామి అనే మాటే తీసుకోండి. సామి అంటే మొగుడు. వెళ్లిన కొత్తలో అలవాటు కొద్దీ నేను "స్వామీ, స్వామీ" అని దండం పెట్టుకుంటుంటే మా పనమ్మాయి బిత్తరపోయి చూసింది.

చట్టం మాటల్లోనూ ఇదే. శిక్షాస్మృతిని ఆయా అంటారు, అది మన ఆజ్ఞ. తప్పుకు, శిక్షకు థోత్ అంటారు, అది మన దోషం. క్షమించమని అడగాలంటే "ఖో థోత్" అనాలి. అక్షరాలా చూస్తే, నా దోషం నాకివ్వు అని అడగడం. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! మారయాత్ అంటే మర్యాద. అయితే ఇక్కడ జాగ్రత్త. మనం మర్యాద చేస్తాం, వాళ్లు మారయాత్ కలిగి ఉంటారు. మన మర్యాద ఎదుటివాడి మీద చూపించేది, వాళ్లది తమను తాము పట్టుకునేది. గొంతు పెంచకపోవడం, పెద్దవాళ్ల ముందునుంచి వెళ్లేటప్పుడు నడుము వంచడం, కాళ్లు ఎవరి వైపూ చాపకపోవడం, ఎవరి తలా ముట్టుకోకపోవడం, ఇవన్నీ మారయాత్.

క్రెంగ్ చాయ్ అని ఇంకో మాట ఉంది. తెల్లవాళ్లు దీని మీద పేజీలకు పేజీలు రాస్తారు. ఇది ఏ భాషలోకీ రాదని, దీన్ని అర్థం చేసుకోవడానికి ఇరవై ఏళ్లు పడుతుందని. నేను ఒక్క నిమిషంలో అనువాదం చేశాను. మొహమాటం! ఎదుటివాణ్ణి ఇబ్బంది పెట్టకూడదని మనం ఇబ్బందిపడటం. అంతేనా, కాదా? అయితే వాళ్ల మొహమాటం మన కృష్ణా జిల్లా మొహమాటానికి తాత. నా క్లాసులో నలభై మంది పిల్లలు. బోర్డు మీద లెక్క చేసి "అర్థమైందా?" అంటే నలభై తలలు ఊగేవి. పరీక్ష పెడితే నలుగురికి వచ్చేది. ఎందుకు చెప్పలేదర్రా అంటే నేల చూపులు. తర్వాత తెలిసింది: అర్థం కాలేదని చెబితే టీచరు సరిగ్గా చెప్పలేదని అన్నట్టేగా? నా పరువు కాపాడటానికి వాళ్లు సున్నాలు తెచ్చుకున్నారు. చివరికి ఒక పద్ధతి కనిపెట్టాను. "అర్థమైందా" అని అడగడం మానేసి, "ఈ లెక్క పక్క క్లాసు వాళ్లకు ఎక్కడ అర్థం కాదంటారు?" అని అడిగేదాన్ని. అప్పుడు ఇరవై చేతులు లేచేవి.

ఇక చట్టం. అక్కడికొచ్చే వాళ్లలో చాలామంది, మన కుర్రాళ్లతో సహా, ఆ దేశంలో చట్టం లేదనుకుంటారు. హెల్మెట్ లేకుండా ముగ్గురు బండి మీద పోతారు, ఫుట్‌పాత్ మీద మోటారు సైకిళ్లు నడుస్తాయి, వెళ్లకూడని వీధులు దీపాలతో వెలుగుతుంటాయి, అందరూ నవ్వుతుంటారు. చట్టం ఉంది. నిద్రపోతూ ఉంటుంది. ఎప్పుడు లేస్తుందో కొత్తవాడికి తెలియదు. ఎలక్ట్రానిక్ సిగరెట్లు ఉన్నాయి చూడండి, వాటిని దేశంలోకి తేవడం నేరం. వీధిలో బాహాటంగా అమ్ముతుంటారు, మీరు తాగితే పోలీసు పట్టుకుంటాడు. గంజాయిని 2022 జూన్‌లో మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేశారు, సందుకొక దుకాణం వెలిసింది. 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాలన్నారు. నిన్న మొన్న వెళ్లొచ్చిన స్నేహితుడు చెప్పాడని ఇవాళ మీరు ధైర్యం చేయకండి. వీసా గడువు దాటి ఉంటే రోజుకు 500 బాత్, ఇరవై వేల దాకా. అది కట్టేస్తే సరిపోతుందనుకునేవాళ్లున్నారు. ఎక్కువ కాలం దాటితే ఏళ్ల తరబడి మళ్లీ అడుగుపెట్టనివ్వరు.

పని విషయం మరీ గట్టిగా ఉంటుంది. భర్త మీద ఆధారపడిన వీసాతో వెళ్లిన నేను టీచరుగా చేరడానికి వీసా మార్చుకోవాలి. దానికోసం రాత్రి రైలెక్కి సరిహద్దు ఊరు నోంగ్ ఖాయ్ వెళ్లి, వంతెన దాటి, లావోస్ రాజధాని వియంతియాన్‌లో రెండు రోజులుండి, కొత్త వీసాతో వచ్చాను. విదేశీయులు చేయకూడని వృత్తుల జాబితా ఒకటుంది. టూరిస్టు గైడు, క్షవరం, థాయ్ మసాజ్, వీధి వ్యాపారం, చేమగ్గం మీద పట్టు నేత, ఆఖరికి భిక్షువుల భిక్షాపాత్రలు చేయడం, బుద్ధ విగ్రహాలు చేయడం కూడా. హైదరాబాద్ నుంచి గుంపులతో వెళ్లే మనవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీతో వచ్చిన తెలుగు ఏజెంటు బస్సులో మైకు పట్టుకుని గుడి చరిత్ర చెబితే అది అక్కడ నేరమే.

పరువు నష్టం అక్కడ సివిల్ తగాదా మాత్రమే కాదు, జైలు శిక్ష పడే నేరం. 2020లో ఒక విదేశీ టీచరు ఒక ద్వీపంలోని హోటల్ గురించి ఇంటర్నెట్‌లో చెడ్డగా రాసి అరెస్టయ్యాడు. సొంత మద్యం సీసా తెచ్చుకున్నందుకు హోటల్ వాళ్లు అడిగిన రుసుము దగ్గర మొదలైన గొడవ అది. క్షమాపణ చెప్పుకుని బయటపడ్డాడు. మా స్టాఫ్ రూములో ఆ వారం ఎవరూ ఏ హోటల్ గురించీ మాట్లాడలేదు. ఇక రాజు గురించిన చట్టం, 112వ సెక్షను. రాజును, రాణిని, యువరాజును అవమానిస్తే ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్లు. 2007లో చియాంగ్ మాయ్‌లో రాజు చిత్రపటాల మీద రంగు చల్లిన ఒక యూరప్ దేశస్థుడికి పదేళ్లు పడింది. కొద్ది వారాల్లో రాజే క్షమించాడు, దేశం నుంచి పంపేశారు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అని థాయ్ యువకులే ఈమధ్య వీధుల్లోకొచ్చి అడిగారు, అడిగి జైళ్లకు వెళ్లారు. నా అభిప్రాయం నాకుంది. అది అక్కడ ఉన్నన్నాళ్లూ నోట్లోనే ఉంది. చుట్టంగా ఉండటమంటే ఇది కూడా.

కానీ చట్టం ఒకటే కాదు కదా. 2016 అక్టోబరు 13న భూమిబోల్ రాజు పోయారు. డెబ్బై ఏళ్లు సింహాసనం మీద ఉన్న మనిషి. మర్నాడు లేచేసరికి ఊరంతా నల్లబట్టలు. మనకు నలుపు అశుభం, నా దగ్గర ఒక్క నల్లచీర లేదు. కొందామంటే రెండు రోజుల్లో నల్లబట్ట అనేది బజారులో దొరకలేదు. పేదవాళ్ల సంగతేమిటి? రోడ్ల పక్కన పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యిల మీద పెట్టి, ఎవరు ఏ రంగు చొక్కా తెచ్చినా ఉచితంగా నల్లరంగు వేసి ఇవ్వడం మొదలుపెట్టారు. మావారు రంగుల మనిషి. చూస్తూ ఎలా ఊరుకుంటారు? మా వీధి చివర గిన్నె దగ్గర నీళ్లు చాలినంత వేడిగా లేవని, ఉప్పు తక్కువైందని, ఈ రంగు ఒక్క ఉతుకుతో పోతుందని చెప్పడానికి వెళ్లారు. వెళ్లినవారు నాలుగు రోజులు అక్కడే ఉన్నారు, కర్ర పట్టుకుని తిప్పుతూ. చేతులు మోచేతుల దాకా నలుపు. నేను భయపడ్డాను. ఆయన పని అనుమతి పుస్తకంలో ఏ కంపెనీ, ఏ పని అని రాసి ఉండేది. జీతం తీసుకోని పని కూడా అప్పటి చట్టంలో పనే. మూడో రోజు ఒక పోలీసు వచ్చి నిలబడ్డాడు. నా గుండె ఆగింది. అతను సంచిలోంచి తన పాత టీషర్టులు రెండు తీసి మావారి చేతికిచ్చాడు. పసుపువి. వై చేశాడు, అంటే నమస్కారం పెట్టాడు, వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి నల్లవి పట్టుకుపోయాడు.

ఇది చెప్పి అక్కడ అంతా ప్రేమేనంటే అబద్ధమవుతుంది. ఖేక్ అనే మాటకు ఇంకో వైపు ఉంది. అక్కడ ఒక సామెత: పాము, ఖేక్ ఒకేసారి ఎదురైతే ముందు ఖేక్‌ను కొట్టాలట. నాకు ఈ సామెత ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు చెప్పాడు, అమాయకంగా, నేనూ ఖేక్‌నేనన్న స్పృహ లేకుండా. రెండో ఇల్లు వెతుక్కునేటప్పుడు మూడు చోట్ల ఫోనులో సరేనన్నవాళ్లు మమ్మల్ని చూశాక వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. పోపు వాసన గోడలకు పట్టుకుంటుందని ఒకావిడ నిజాయితీగా చెప్పింది. ఆవిడంటేనే నాకు గౌరవం. బాధపడ్డాను. కానీ మనమేం తక్కువా? మన ఊళ్లో అద్దెకు ఇల్లడిగితే ముందు ఏమడుగుతారు? ఇక్కడున్నవాళ్లలో "మీరేమిట్లు" అని అడగని ఇంటివాళ్లు చెయ్యెత్తండి. చూశారా.

ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. ప్రవాసులు అనగానే అక్కడ అందరి కళ్లముందూ తెల్లవాడో, జపాన్‌వాడో, కాస్త పైకొచ్చిన మాలాంటివాళ్లో మెదులుతారు. బర్మా, కంబోడియా, లావోస్ నుంచి వచ్చిన కూలీలు లక్షల్లో ఉన్నారు. రొయ్యలు ఒలిచేది వాళ్లు, ఫ్లాట్లు కట్టేది వాళ్లు, మా బడి ఊడ్చేది వాళ్లు. వాళ్లను ఎవరూ ప్రవాసులనరు. మా బడిలో ఊడ్చే బర్మా అమ్మాయి నాలాగే విదేశీయురాలు, నాలాగే కాగితాలు మోస్తుంది. నేను వీసా కోసం రైలెక్కి వియంతియాన్ వెళ్లి హోటల్లో దిగాను. ఆ అమ్మాయి తన కార్డు జిల్లా దాటితే చెల్లుతుందో లేదోనని పెళ్లైన చెల్లెల్ని చూడటానికి కూడా వెళ్లలేదు. 2017 జూన్‌లో విదేశీ కార్మికుల మీద కొత్త ఆర్డినెన్సు వచ్చింది, జరిమానాలు లక్షల్లో ఉన్నాయి. కొన్ని రోజుల్లోనే వేలమంది మూటలు నెత్తిన పెట్టుకుని మే సోట్ సరిహద్దు దాటి బర్మాకు వెళ్లిపోయారు. యజమానులకు పనివాళ్లు కరువయ్యాక ప్రభుత్వం జరిమానాలను వాయిదా వేసింది. మా బడిలో ఆ వారం వరండాలు ఎవరూ ఊడ్వలేదు. స్టాఫ్ రూములో 24 గంటల కాగితం మీద అంత గొంతు చించుకున్నవాళ్లం, ఈ విషయం మీద ఎవరమూ సంతకాలు సేకరించలేదు. నేనూ సేకరించలేదు.

సరే, సమయం అవుతోందని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఆయనకు క్రెంగ్ చాయ్, చెప్పలేకపోతున్నారు. రెండు విషయాలు చెప్పి ఆపేస్తాను.

ఏటా జూన్‌లో ఒక గురువారం బడిలో వై ఖ్రూ జరుగుతుంది. గురువుకు దండం. గురువారమే ఎందుకు? అది బృహస్పతి వారం కాబట్టి, వాళ్లకూ ఆ పేరే. పిల్లలు మోకాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి పళ్లెంలో పూలు ఇస్తారు. ఏమేం ఉంటాయో చూడండి. నూరువరహాల పూలు ఉంటాయి, వాటిని అక్కడ సూది పువ్వంటారు, బుద్ధి అంత పదునుగా ఉండాలని. గరిక ఉంటుంది, ఎంత తొక్కినా మళ్లీ లేచి పాకుతుందని. వంకాయ పువ్వు ఉంటుంది. వంకాయ పువ్వెందుకు? అది తల వంచుకుని పూస్తుంది. నేను వంకాయ తిన్నదాన్నేగానీ, నలభై ఏళ్లు వచ్చేదాకా వంకాయ పువ్వు తల వంచుకుని ఉంటుందని గమనించలేదు. ఈ మూడూ మన పెరట్లోవే. రేపు ఎవరైనా చూసి చెప్పండి.

రెండోది బట్ట గురించి. బ్యాంకాక్‌లో ఒక మ్యూజియంలో గాజు పెట్టెలో పాత అద్దకం బట్ట చూశాను. ముదురు ఎరుపు, అంచుల్లో అగ్నిజ్వాలల్లాంటి నగిషీ, మధ్యలో దేవతలు చేతులు జోడించి ఉన్నారు. కింద కోరమండల్ తీరం, భారతదేశం అని రాసి ఉంది. పదిహేడో శతాబ్దంలో ఇక్కడి నుంచి ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గుయ్, తెనసరిం రేవులకు వెళ్లేవి, అవి అప్పుడు సయాం, అంటే నాటి థాయ్‌లాండ్, చేతిలో ఉండేవి. అక్కడి నుంచి సరుకు సయాం రాజధాని అయుత్తయకు వెళ్లేది. 1680ల్లో సయాంకూ మన గోల్కొండకూ యుద్ధం దాకా వచ్చింది కూడా. నేను అక్కడ కాపలా ఉన్న కుర్రాడితో, వచ్చీరాని థాయ్‌లో, గొప్పగా అన్నాను: "ఇది మా ఊరి వైపు బట్ట." అతను నవ్వాడు. "లేదండీ, ఇది మా బట్ట. నమూనా గీసి మేము పంపేవాళ్లం. మీరు ఆ ప్రకారం అద్ది పంపేవాళ్లు. అందుకే దీన్ని ఫా లాయ్ యాంగ్ అంటారు, నమూనా ప్రకారం వేసిన బట్ట." మావారు పెట్టెకు ముక్కు ఆనించి ఆ ఎరుపు చూస్తున్నారు. "చాయ వేరు ఎరుపు ఇది. పెడనలో తప్ప ఇంకెక్కడా రాదు" అన్నారు తెలుగులో. కుర్రాడు ఏమన్నారని అడిగాడు. నేను చెప్పలేదు. ఖో థోత్ అన్నాను.

ఇక మీ ప్రశ్నలు. గుమ్మం దగ్గరి పెద్దాయన ముందు అడగాలి.